నాన్న బెంచీ వెనక గోడ

నేను పనిచేసే వర్క్‌షాపు టాటానగర్ పక్కన ఖర్కాయీ నది అవతల, చిన్న చిన్న కార్ఖానాలుండే వీధిలో ఉంటుంది. బయటినుంచి చూస్తే గిన్నెలు చేసే చోటనుకుంటారు. మేం చేసేవి గొట్టాలు, డబ్బాలు, మూతలు. చూడ్డానికి స్టీలు సామాన్లలాగే ఉంటాయి కానీ అవి అయస్కాంత క్షేత్రం తగలకుండా కాపాడ్డానికి చేసేవి. ఆస్పత్రి యంత్రాల్లోనూ ప్రయోగశాలల్లోనూ కొన్ని సున్నితమైన భాగాలుంటాయి. పక్కన మోటారు తిరిగినా, దగ్గర్లో కరెంటు తీగ ఉన్నా వాటి లెక్క తప్పిపోతుంది. అలాంటివాటికి మా డబ్బా తొడుగుతారు.

ఆ లోహంలో ఎక్కువ భాగం నికెలు, మిగిలింది ఇనుము, అందులో కొద్దిగా మాలిబ్డినం. మ్యూ మెటల్ అంటాం. అది అయస్కాంత క్షేత్రాన్ని తలుపేసినట్టు ఆపేయదు. తనలోకి లాక్కుని, చుట్టూ తిప్పి పంపేస్తుంది. లోపలున్నదానికి దాదాపు ఏమీ తగలదు. అయితే ఈ లోహానికి ఒక గుణం ఉంది. రేకును కోసి, వంచి, అతికించి డబ్బా చేశాక హైడ్రోజన్ నింపిన కొలిమిలో ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లార్చాలి. అప్పుడే దానికి శక్తి వస్తుంది. ఆ తర్వాత దెబ్బ తగిలినా, వంగినా ఆ శక్తి పడిపోతుంది. పైకి గీత కూడా కనబడదు. మీటరు పెడితేనే తెలుస్తుంది.

ఆ మీటరు పెట్టేదాన్ని నేను. పాలిటెక్నిక్ అవగానే చేరాను. జుట్టు నెరిసినా అక్కడే ఉన్నాను. పెళ్ళి చేసుకోలేదు. బాగ్‌బేరాలో నది ఇవతలి ఇంట్లో నాన్నా నేనూ ఉంటాం.

నాన్న రైల్వేలో పనిచేశాడు. పాడైన వ్యాగన్లను యార్డులో ఒక లైను మీదికి తెచ్చి నిలబెట్టి బాగుచేస్తారు. దాన్ని సిక్ లైన్ అంటారు. నాన్న ఉద్యోగమంతా టాటానగర్ సిక్ లైన్లోనే, సమ్మెట దెబ్బల మధ్య గడిచింది. రిటైరయ్యేసరికి చెవులు సగం పోయాయి. తర్వాత కొన్నేళ్ళకి మిగతా సగమూ పోయినట్టే అయింది.

అమ్మ ఉన్నంతకాలం ఆయన చెవుడు మాకు పెద్దగా తెలియలేదు. అమ్మ ఎప్పుడూ అరిచేది కాదు. వంట చేస్తూ చేస్తూ వచ్చి, ఆయన ఎదురుగా నిలబడి, గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని మామూలుగా మాట్లాడేది. ఆయన పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డు ఊళ్ళనుంచి వచ్చారిద్దరూ. వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా నిలబడి బీరకాయల గురించో, వర్షం గురించో మాట్లాడుకుంటుంటే నేను అడ్డు వెళ్ళకుండా పక్కనుంచి పోయేదాన్ని.

అమ్మ మా తెలుగు చర్చి కోయిర్‌లో పాడేది. చర్చి రైల్వే గోడని ఆనుకుని ఉంటుంది. రైళ్ళు పోతున్నప్పుడు పాస్టరు గారు ప్రసంగం కాసేపు ఆపుతారు. కానీ కోయిర్ ఆపదు. అమ్మ గొంతు సన్నగా, కొంచెం పైన ఉండేది. ఎంత పెద్ద బండి పోతున్నా అమ్మ గొంతు మాత్రం విడిగా తెలిసేది.

అమ్మ పోయాక ఇంట్లో మాటలు మారిపోయాయి. నాకు అమ్మలా పెదాలతో మాట్లాడ్డం రాదు. నా మాట తొందర. నాన్నకి అందదు. అందుకని అరవడం మొదలుపెట్టాను. "అన్నం!" "మాత్ర!" "తలుపేసుకో!" పక్కింటివాళ్ళకి కూడా మా ఇంట్లో ఏ పూట ఏం జరుగుతోందో తెలిసిపోయేది. రాను రాను అరిచి చెప్పగలిగినవే చెప్పేదాన్ని. వర్క్‌షాపులో ఏం జరిగిందో, నాకు ఒంట్లో ఎలా ఉందో, అమ్మ ఎంత గుర్తొస్తోందో అరిచి ఎలా చెబుతాం? అవన్నీ మానేశాను. ఆయనా ఏమీ అడిగేవాడు కాదు. ఒకే ఇంట్లో ఉండి మేమిద్దరం ఒకరికొకరం దూరమైపోయాం. ఆయన పక్కనే కూర్చుని ఆయన కోసం బెంగపడేదాన్ని.

నాన్న పాత చెవి మిషనులో చప్పుడే గానీ మాట తెలిసేది కాదు. దాన్ని మార్పించడానికి బిష్టుపూర్‌లో మిషన్ల కొట్టుకి తీసుకెళ్ళినప్పుడు అక్కడున్న అమ్మాయి చిన్న బొత్తాం ఒకటి చూపించి, దీన్ని 'టి'లో పెడితే మిషను గాలిలో వచ్చే చప్పుడు వినదనీ, లోపలున్న తీగచుట్టతో అయస్కాంత క్షేత్రాన్ని వింటుందనీ చెప్పింది. కొన్ని హాళ్ళలో నేల చుట్టూ ఒక తీగ వేసి, మైకులో వచ్చే మాటను ఆ తీగలోకి పంపిస్తారట. ఆ తీగ లోపల ఎక్కడ కూర్చున్నా మాట నేరుగా చెవిలోకి వచ్చేస్తుందట.

నాకు నవ్వొచ్చింది. జీవితమంతా ఆ క్షేత్రం లోపలికి రాకుండా చూడ్డమే నా పని. ఇప్పుడు అదే నాన్న చెవిలోకి రావాలి.

చర్చి కమిటీని అడిగితే ఒప్పుకున్నారు. నాన్నలాగే యార్డులోనూ స్టీలు ప్లాంటులోనూ చెవులు పోగొట్టుకున్న పెద్దవాళ్ళు సంఘంలో చాలామందే ఉన్నారు. హాలు చుట్టూ తివాచీ కింద తీగ వేశారు, దానికో ఆంప్లిఫయరు పెట్టారు. మొదటి ఆదివారం ఒక పెద్దావిడ ప్రసంగం మధ్యలో లేచి నిలబడి, "నాకు ఇనబడతందమ్మా!" అని అందరికీ చెప్పింది. పాస్టరు గారు నవ్వి చేతులు జోడించారు.

నేను నాన్న వైపు చూశాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మొహం చిట్లించుకున్నాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఏటి నాన్నా? ఇనబడిందా?"

"గుయ్యిమంతంది," అన్నాడు. "మాటలున్నాయిగానీ గుయ్యిలో మునిగిపోతన్నాయి."

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి, వర్క్‌షాపునుంచి చిన్న తీగచుట్టా ఇయర్‌ఫోన్లూ తెచ్చుకుని ఖాళీ చర్చిలో తిరిగాను. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. నాన్న ఎప్పుడూ కూర్చునే బెంచీ దగ్గరికి వచ్చేసరికి చెవిలో పెద్ద తుమ్మెద దూరినట్టయింది. ఆ బెంచీ గోడకి ఆనుకుని ఉంటుంది. గోడకి అవతల చిన్న గదిలో కరెంటు మీటరు, మెయిన్ బోర్డు, మొత్తం చర్చికి పెట్టిన పెద్ద స్టెబిలైజరు. అందులోని ట్రాన్స్‌ఫార్మరు పాతది, బరువైంది. దాని క్షేత్రమే గోడ దాటి వచ్చి నాన్న చెవిలో మోగుతోంది.

స్టెబిలైజరు మార్చడానికి వేరే చోటు లేదు. ఇంకొకటే గది ఉంది, పాస్టరు గారిది. అక్కడ పెడితే మైకు పక్కనే మోగుతుంది. అన్నిటికంటే తేలిక నాన్నని వేరే బెంచీకి మార్చడమే.

తర్వాతి ఆదివారం చర్చిలో, "నాన్నా, అటుపక్క కూర్చో. అక్కడ గుయ్యి లేదు," అని అరిచాను.

"నాకిక్కడే బాగుంది."

"ఇక్కడ ఇనబడదు కదా!"

"ఇనబడకపోతే పోనీ."

కోయిర్ నడిపించే అక్క కూడా వచ్చి చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఒద్దమ్మా," అన్నాడు మర్యాదగానే. మరో మాట చెప్పలేదు. నాకు కోపం వచ్చింది. ముసలివాళ్ళ మొండితనం అనుకున్నాను.

మర్నాడు గోడ వెనక తీగలు చూడ్డానికి మళ్ళీ వెళ్ళాను. కాళ్ళు నొప్పి పుట్టి ఆయన బెంచీ మీద, ఆయన కూర్చునే చోటే కూర్చున్నాను. ఎదురుగా ఒక స్తంభం. చర్చిలో సగం దాని వెనక పడిపోయింది. పాస్టరు గారు నిలబడే చోటు కూడా సరిగ్గా కనబడదు. ఇంత చెడ్డ చోటులో ఈయన ఎందుకు కూర్చుంటాడని కొంచెం పక్కకి జరిగి చూశాను. స్తంభానికీ గోడకీ మధ్య సందులోంచి కోయిర్ బెంచీల చివర, కిటికీ కింద, ఒక్క మనిషి పట్టేంత చోటు కనబడింది.

అది అమ్మ నిలబడే చోటు.

ఆ తర్వాత ఆయన్ని బెంచీ మారమని నేనెప్పుడూ అడగలేదు.

మా మాలిక్‌కి విషయం చెప్పాను. వర్క్‌షాపు యజమాని ఆయన. బెంగాలీ, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మూలన పెట్టిన రేకు ముక్కల్లో కావలసినవి తీసుకోమన్నాడు. తోటి పనివాళ్ళు నవ్వారు. "మీ నాన్నకే ఒక టోపీ చేసి పెట్టీయరాదా దీదీ?" అన్నాడొకడు హిందీలో. అలా పెడితే గుయ్యితోపాటు పాటా ఆగిపోతుంది. వినే మనిషిని కప్పకూడదు. చప్పుడు చేసేదాన్ని కప్పాలి.

ముందు చర్చి ఎలక్ట్రీషియన్ చేత గోడ పొడుగునా దూరం దూరంగా పోతున్న రెండు తీగల్ని ఒకటిగా మెలిపెట్టించాను. దాంతోనే కొంత తగ్గింది. తర్వాత స్టెబిలైజరుకి మూడు వైపులా, పైనా వచ్చేట్టు పెట్టె చేశాను. లోపలి పొర మామూలు ట్రాన్స్‌ఫార్మరు స్టీలు. అంత దగ్గరలో క్షేత్రం మరీ బలంగా ఉంటుంది. మ్యూ మెటల్‌ని నేరుగా పెడితే అది నిండిపోయి చేతులెత్తేస్తుంది. స్టీలు సగం భారం మోశాక, వేలెడు ఖాళీ వదిలి, బయటి పొరగా మ్యూ మెటల్ పెట్టాను. యంత్రం వేడెక్కకుండా వెనకవైపు తెరిచి ఉంచాను.

కొలిమిలోంచి వచ్చిన రేకుల్ని పాత దుప్పట్లలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని నది దాటించాను. గుంతలొచ్చినప్పుడల్లా డ్రైవరుని బతిమాలాను. చంటిపిల్లని తీసుకెళ్తున్నాననుకున్నాడేమో, వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. చర్చిలో రేకులు దించి, బోల్టులు తేవడానికి బజారుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఎలక్ట్రీషియన్ సంతోషంగా ఎదురొచ్చాడు. పెట్టె బిగించేశాడట.

"ఢక్కన్ బైఠ్ నహీ రహా థా దీదీ, థోడా ఠోక్ దియా," అన్నాడు. మూత కూర్చోకపోతే సుత్తితో కొంచెం కొట్టాడు.

సాయం చేద్దామనుకున్నాడు మనిషి. ఏ రేకైనా అలాగే కదా కూర్చోబెడతారు. బెంచీ దగ్గర ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే తుమ్మెద ఇంకా ఉంది. కొంచెం దూరంగా పోయిందంతే. చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ కుర్రాడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు. తప్పు తనది కాదనీ, ఈ లోహం అలాంటిదనీ చెప్పేసరికి నాకే కాస్త ఊరట కలిగింది.

మళ్ళీ కాలిస్తే పోయిన శక్తి తిరిగొస్తుంది. ఈ లోహంలో ఉన్న మంచితనం అదే. కాకపోతే ఒక్క పెట్టె కోసం కొలిమి వెలిగించరు. ఏదో ఆర్డరు కొలిమికెక్కే రోజుదాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు మాలిక్ నన్నడగకుండానే నా రేకుల్ని లోపల పెట్టించాడు. ఈసారి మూత అంచులు ముందే సరిచేశాను. నేనే దగ్గరుండి చేతులతో బిగించాను.

అది శనివారం మధ్యాహ్నం. నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళాను. చర్చిలో ఎవరూ లేరు. ఆయన తన చోట కూర్చుని మిషను 'టి'లో పెట్టుకున్నాడు. నేను కోయిర్ మైకు దగ్గరికి వెళ్ళాను.

"నాన్నా! ఇనబడతందా?"

ఆయన ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకున్నాడు. "అంత గట్టిగా అరవకమ్మా! నా బుర్రలో కూకున్నట్టున్నావు."

అలవాటులో మైకులో కూడా అరిచాను. గొంతు తగ్గించాను. "ఇప్పుడు?"

"ఇంకా తగ్గించు."

నాకు నేనే వినబడనంత నెమ్మదిగా అన్నాను. "ఇప్పుడో?"

ఆయన తల పైకెత్తి నా వైపు చూశాడు. "ఇప్పుడు బాగుంది. మాటాడు."

"గుయ్యి ఉందా?"

"లేదు. మాటాడు."

"ఏటి మాటాడను?"

"ఏదోటి సెప్పు. రోజూ ఆ నది దాటెల్లి నువ్వేటి సేత్తావో నాకు ఎప్పుడూ సెప్పలేదు."

ఇన్నేళ్ళుగా చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. మైకు ముందు నిలబడితే ఒక్కటీ రాలేదు. చివరికి మ్యూ మెటల్ గురించే చెప్పాను. కొలిమి, హైడ్రోజన్, చల్లారడం, దెబ్బ తగలకూడదన్న సంగతి. ఆయన చిన్నపిల్లాడిలా వింటున్నాడు.

"అయితే ఈ గుయ్యి ఎక్కడికి పోనాది?"

"ఎక్కడికీ పోలేదు నాన్నా. ఆ పెట్టె రేకులోనే తిరుగుతంది. నీ దగ్గరికి రాదు."

అంతలో ఆయన చెయ్యెత్తాడు. "ఆగు. లోడు బండి వత్తంది. బరువు మీద లాగుతంది." నాకేమీ వినబడలేదు. కాసేపటికి గోడ అవతల బొగ్గు వ్యాగన్ల గూడ్సు పోయింది. పైన తీగలోంచి ఇంజను లాక్కునే కరెంటు ఆయన మిషనులో పలికింది. దాన్నాపడం నా పెట్టె వల్ల కాదు. ఆపాలనీ అనిపించలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన ఒక బండి రావడం మా అందరికంటే ముందు విన్నాడు. ఆ ఆనందం మొహంలో కనబడుతోంది.

మర్నాడు ఆరాధనకి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాడు. కోయిర్ లేచింది. అమ్మ చోట ఇప్పుడు ఒక కాలేజీ అమ్మాయి నిలబడుతుంది. తెలుగు పాటని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది కానీ మంచి గొంతు. పాట మొదలైంది. నేను నాన్ననే చూస్తున్నాను. మొదటి చరణం అయ్యేదాకా కదలకుండా విన్నాడు. రెండోదాంట్లో చెయ్యెత్తి మిషను బొత్తాం నొక్కేశాడు. ఆ తర్వాత మిగతా ఆరాధనంతా ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తుంటే దారిలో ఆగాడు.

"మీ అమ్మ లేదు," అన్నాడు.

నేను ఆయన మొహంలోకి చూశాను.

"ఆ గుయ్యిలో పాటలు ఇంటన్నప్పుడు మీ అమ్మ గొంతు ఎక్కడో ఉన్నట్టే ఉండీది. సరిగ్గా ఇనబడటం లేదు గానీ ఉన్నాదనుకునీవోడిని. ఇయ్యాల అందరి గొంతులూ ఇడివిడిగా తెలిసినాయి. అందులో మీ అమ్మది లేదు."

రోడ్డు మధ్యలోనే "పెట్టె తీయించీనా నాన్నా?" అని అరిచాను. పక్కనుంచి పోతున్నవాళ్ళు చూశారు.

"ఒద్దు," అన్నాడు. "పాపం నీ కష్టం." కొంచెం దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "అది కాదులే. నిజం ఇనడమే మంచిది."

ఆ వారమంతా ఆయన ముభావంగా ఉన్నాడు. నేను చేసింది మంచో చెడో తెలియలేదు. నాకూ అంతే కదా, చర్చిలో ఎంతమంది పాడుతున్నా నా చెవులు ఆ సన్నని గొంతునే వెతుకుతాయి. ఆయనకి కనీసం ఒక భ్రమ ఉండేది. దాన్ని నేను శుభ్రంగా తుడిచేశాను.

శనివారం నేను డ్యూటీనుంచి వచ్చేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పద, చర్చికెల్దాం."

"ఎందుకు?"

"నిన్నొకటి అడగాలి. ఇక్కడైతే నువ్వరవాలి. నలుగురూ ఇంటారు."

చర్చిలో ఆయన తన బెంచీ మీద కూర్చున్నాడు. నేను మైకు దగ్గర. మధ్యలో ఖాళీ బెంచీలు. ఆయన మిషను 'టి'లో పెట్టుకున్నాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"ఆస్పత్రిలో ఆఖరి రోజు, మీ అమ్మ నాకేసి సూసి ఏదో సెప్పింది. మూతికి ఆక్సిజన్ మాస్కు ఉన్నాది. పెదాలు కనబళ్ళేదు. గెడ్డం కదలడం ఒకటే తెలిసింది. చానాసేపు మాటాడింది. నేను తలూపీసేను. నువ్వు తలగడ దగ్గరున్నావు. ఏటన్నాదో నీకు ఇనబడిందా?"

నాకు వినబడింది. అమ్మ ఏమందో ఆయనకి తెలియదని ఆ క్షణందాకా నాకు తెలియదు. ఆయన తలూపుతుంటే చూశాను కదా, అన్నీ అర్థమయ్యాయనుకున్నాను.

"నువ్వేటనుకున్నావు నాన్నా?" అన్నాను నెమ్మదిగా.

"ఊరు తీసికెల్లమన్నాదనుకున్నాను. ఆ సముద్రం కాడ, వాళ్ళమ్మ పక్కన పెట్టమన్నాదేమోనని. అలగని నేను తలూపీసేను. అంటే మాటిచ్చినట్టే కదా. మరి ఇక్కడే పెట్టీసేం. సమాధి కాడికి ఎల్లినప్పుడల్లా అదే అనిపిత్తాది. మాటిచ్చి తప్పీసేనని."

ఇన్నేళ్ళూ ఆయన దాన్ని మోశాడు. సమాధుల పండగనాడు సమాధి కడిగి, పూలు పెట్టి, అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడకుండా వచ్చేసేవాడు. ఎందుకో అప్పుడు తెలిసింది.

"అమ్మ ఏటీ అడగలేదు నాన్నా," అన్నాను. "పాడింది."

ఆయన నా వైపు తిరిగాడు.

"పాడిందా?"

"అవును."

"మాస్కులోనా?"

"మాస్కులోనే. ఆరాధన అయిపోయినప్పుడు ఆఖర్న పాడతారు కదా, అది. రెండో చరణం సగందాకా పాడింది. తర్వాత నిద్రపోయింది."

నాన్న రెండు చేతులూ ముందు బెంచీ మీద పెట్టుకుని తల వంచుకున్నాడు. నేను మైకు వదిలి ఆయన దగ్గరికి వెళ్దామనుకున్నాను. వెళ్తే మళ్ళీ నా మాట ఆయనకి అందదు. అక్కడే నిలబడ్డాను.

చాలాసేపటికి తలెత్తాడు. కళ్ళు తుడుచుకోలేదు.

"నేను తలూపుతుంటే తాళమేత్తన్నాననుకునుంటాది."

"నేనూ అలాగే అనుకున్నాను నాన్నా."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. "ఇనబడకపోయినా పాడిందా నాకు," అన్నాడు తనలో తను. తర్వాత, "ఆ పాట పాడు," అన్నాడు.

"నాకు పాట రాదు."

"తెలుసు. పాడు."

అమ్మకి పుట్టి కూడా నాకు గొంతు రాలేదని చిన్నప్పటినుంచీ అందరూ అంటారు. అయినా పాడాను. రెండో చరణం సగందాకా పాడి ఆపాను. తర్వాతి మాటలు నాకూ వచ్చు, ఆయనకీ వచ్చు. ఇద్దరం ఇక ముందుకి వెళ్ళలేదు.

ఆ నెల్లో ఒక సాయంత్రం ఆయన నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. పండగ కాదు, అమ్మ పోయిన రోజూ కాదు. గడ్డి పీకి, పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. చీకటి పడుతోంది, వెళ్దామని నేనే సైగ చెయ్యాల్సి వచ్చింది.

ఇంట్లో కూడా తీగ చుట్టి చూశాను. పనికిరాలేదు. మా వీధి మీదుగా, ఇంటి గోడకి చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కరెంటు లైన్లు పోతాయి. ఇంటి మూలమూలలా మోతే. ఊరి తీగలకి తొడుగు వేయడం నా వల్ల కాదు. ఇంట్లో ఇంకా అరుస్తూనే ఉన్నాను. అన్నం, మాత్ర, తలుపు. అసలు మాటలన్నీ శనివారానికి దాచుకుంటాం. వారం మధ్యలో ఏదైనా చెప్పాలనిపించి నోరు తెరుస్తాను. ఆయన చెయ్యి ఊపి, "శనారం, శనారం," అంటాడు. ఆ మాట నోట్లో పెట్టుకునే వారం గడుపుతాను. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడ్డం కోసం ఇంత ఎదురుచూపు ఉంటుందని నాకు తెలియదు.

ఇప్పుడు ఆయన ఆదివారాల్లో బొత్తాం ఆపడం లేదు. కాలేజీ అమ్మాయి పాట విని, బయటికొచ్చాక, "బహుత్ అచ్ఛా బేటీ," అంటాడు. ఆ పిల్ల "థాంక్యూ తాతయ్యా" అని అరుస్తుంది.

పోయిన శనివారం నేను మైకు దగ్గరికి వెళ్తుంటే నాన్న ఆపాడు.

"ఇయ్యాల నువ్వు కూకో. నేను మాటాడతాను."

"నీ మాట నాకెప్పుడూ ఇనబడుతూనే ఉంటాది కదా నాన్నా," అని అరిచాను.

"కూకో," అన్నాడు.

ఆయన బెంచీ మీద కూర్చుని నా తీగచుట్టా ఇయర్‌ఫోన్లూ పెట్టుకున్నాను. నాన్న కోయిర్ దగ్గరికి మెల్లగా నడిచివెళ్ళి, కిటికీ కింద, ఆ సందులోంచి నాకు కనబడే చోట నిలబడ్డాడు. మైకు పట్టుకోవడం రాక రెండు చేతులతో పట్టుకున్నాడు. చెవిటివాళ్ళ మాటలాగే ఆయన మాటా ఎప్పుడూ గట్టిగా ఉంటుంది. ఆ రోజు మాత్రం నేను ఆయనతో మాట్లాడినట్టు, నెమ్మదిగా, మైకు మూతి దగ్గరికి తెచ్చుకుని మొదలుపెట్టాడు.

"మీ అమ్మ మొదటిసారి టాటానగర్లో బండి దిగినప్పుడు," అన్నాడు, "ఈ ఊళ్ళో రేత్తిరి కూడా ఆకాశం ఎందుకు ఎర్రగున్నాదని అడిగింది."

ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతోంది. నేను ఇయర్‌ఫోన్లని రెండు చేతులతో నొక్కిపెట్టుకుని, తర్వాత ఏం చెబుతాడా అని చూస్తూ కూర్చున్నాను.